అనుదిన ప్రార్థన, 4వ పాఠం: తప్పిపోయిన రోజు బాకీ కాదు

పోయిన పాఠంలో తెల్లవారుజామున ఐదింటికి లేచి ఇరవై నిమిషాలు ప్రార్థనలో కూర్చోమన్నాను. వారం తిరగకముందే ఆగిపోయామని చాలామంది రాశారు. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో నైట్ షిఫ్ట్ చేసే తమ్ముడు ఆ టైంకి ఇంకా క్యాబ్‌లోనే ఉంటాడు. మారతహళ్లి పీజీ హాస్టల్లో ఉండే చెల్లెలు లైటు వేస్తే గదిలో మిగతా ఇద్దరూ లేస్తారని చీకట్లోనే కూర్చుని నిద్రపోయిందట. అందరికీ ఒకే వేళ పెట్టడం నా పొరపాటు. ప్రభువు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి ప్రార్థించాడని మార్కు 1:35లో చదివినప్పటి నుంచి నాకు ఆ వేళంటే ఇష్టం, అంతే. 55వ కీర్తనలో సాయంకాలం, ఉదయం, మధ్యాహ్నం మూడూ ఉన్నాయి. మీ షిఫ్టుకు కుదిరేది పెట్టుకోండి, కానీ రోజూ అదే వేళ, అదే చోటు. పీజీలో ఉంటే మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన కూర్చోండి. ఫోన్ కిందే వదిలి అచ్చు బైబిలే తీసుకెళ్లండి.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. ఒక తమ్ముడికి సోమవారం నుంచి గురువారం దాకా ప్రార్థన తప్పిపోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక నాలుగు ఇరవైలు ఎనభై అని లెక్కేసి, ఎనభై నిమిషాలూ తీర్చేయాలని మోకాళ్లూనాడు. సగంలోనే నిద్ర పట్టేసింది, సోమవారం నుంచి అసలు మానేశాడు. దయచేసి ఎవరూ ఇలా చేయకండి. కె.ఆర్.పురంలో కొత్తగా దిగినప్పుడు నేనూ ఇదే చేశాను, రెండు నెలలు పోయాయి. ఇరవై నలభై అవుతుంది, నలభై అరవై అవుతుంది, చివరికి అప్పులవాడు ఎదురైతే సందు మారినట్టు దేవుణ్ణి తప్పించుకు తిరుగుతాం.

నిర్గమకాండం 16వ అధ్యాయం తీయండి. మన్నా అంటే అరణ్యంలో దేవుడు ఇశ్రాయేలీయులకు ఇచ్చిన ఆహారం, దాన్ని మనిషికి ఓమెరు (ఒక కొలత) చొప్పున, ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. మర్నాటికి దాచినవాళ్లది పురుగు పట్టింది. ఆరో రోజు మాత్రం రెండింతలు ఏరుకున్నారు, అదీ మర్నాటి విశ్రాంతి దినం కోసమే. అది మనందరికీ గుర్తుంటుంది. 21వ వచనం మాత్రం చదివి దాటేస్తాం: ఎండ వేడికి నేల మీద మిగిలింది కరిగిపోయేది. అంటే నిన్నటిది ఏరుకుందామని ఈరోజు వెళ్లినా అక్కడ ఉండదు. పరలోక ప్రార్థనలో కూడా అనుదినాహారము ‘నేడు’ దయచేయమనే అడుగుతున్నాం. కాబట్టి నిన్న తప్పితే "ప్రభువా, నిన్న రాలేదు, క్షమించు" అని ఒక్క మాట చెప్పి ఈరోజు ప్రార్థనలోకి వెళ్లిపోండి. ఎందుకు రాలేకపోయారో వివరించడం మొదలుపెడితే ఉన్న కాసేపూ దానికే సరిపోతుంది.

దానియేలు కూడా మనలాగే ఊరుకాని ఊళ్లో ఉద్యోగం చేసినవాడు. ముప్పై రోజులపాటు రాజుకు తప్ప ఎవరికీ మనవి చేయకూడదన్న శాసనం వచ్చినప్పుడు ఆయన తన ప్రార్థన పెంచలేదు, తగ్గించలేదు, ఎప్పటిలాగే రోజుకు మూడుసార్లు మోకాళ్లూనాడు.

మెట్రోలో చేసే ప్రార్థన సరిపోతుందా అని ఇద్దరు అడిగారు. చేయండి, మంచిదే, నేనైతే లెక్కలో వేయను.

అభ్యాసం. 119వ కీర్తనలో 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. సోమవారం నుంచి రోజుకు ఒక భాగం, ఇరవై కాదు, పది నిమిషాలే. చదివి, అందులో ఒక వచనాన్ని మీ సొంత మాటల్లో, మీ చెవికి వినబడేలా ప్రార్థనగా చెప్పండి. మనసులో అనుకుంటే ఆలోచన ఆఫీసుకు పోతుంది. ఐదో రోజు తప్పిందనుకోండి, ఆరో రోజు 41 నుంచి 48 చదవాలి. 33 నుంచి 40 దాకా అలాగే వదిలేయాలి. పెన్సిల్‌తో పక్కన గీత పెట్టండి, వెనక్కి మాత్రం వెళ్లకండి. చదవకుండా వదలడం మనసుకు కష్టంగా ఉంటుంది, అయినా వదలండి. 23వ రోజున ఎన్ని గీతలు పడ్డాయో నాకు రాయండి, ఐదో పాఠం అక్కడి నుంచి మొదలుపెడతాను.