వేలిముద్ర పెట్టినా అసలు తాళం పాస్‌కోడే

ఫోన్‌కి వేలిముద్ర మంచిదా, పాస్‌కోడ్ మంచిదా అని చాలామంది అడుగుతారు. నిజానికి అక్కడ పోటీ ఏమీ లేదు. పాస్‌కోడో పిన్నో ముందు పెట్టనిదే వేలిముద్ర ఎక్కించనే ఎక్కించనివ్వదు ఫోన్. లోపలి డేటా తాళం విప్పడానికి పాస్‌కోడ్ కావాలి. వేలు దగ్గరిదారి మాత్రమే. రీస్టార్ట్ చేయగానే వేలు పెడితే తెరుచుకోకపోవడం అందుకే. ఆ సమయంలో కాల్ వస్తే ఐఫోన్‌లో పేరు రాదు, ఉత్త నంబరే కనిపిస్తుంది. కాంటాక్టులు ఇంకా తాళంలోనే ఉన్నాయి మరి.

కాబట్టి ముందు పాస్‌కోడ్ సంగతి చూడండి. 4 అంకెలైతే 10,000 రకాలు, 6 అంకెలైతే 10 లక్షలు. ఐఫోన్‌లో ఒక్కో కోడ్ సరిచూడటానికి సుమారు 80 మిల్లీసెకన్లు పడుతుంది. మధ్యలో ఆపేవాళ్లు లేరనుకుంటే 4 అంకెలవన్నీ 14 నిమిషాల్లోపే అయిపోతాయి, 6 అంకెలవి ఒక్కరోజులోపు. చిన్న అక్షరాలూ అంకెలూ కలిపి 6 పెడితే ఐదున్నరేళ్లు దాటుతుంది. తప్పు కొట్టేకొద్దీ ఫోన్ ఎక్కువసేపు ఆగమంటుంది కాబట్టి మామూలు దొంగకి 6 అంకెలు చాలు, పుట్టినరోజో 123456నో కాకపోతే. రోజూ వేలితోనే తెరుస్తారు గనక పాస్‌కోడ్ కాస్త పొడుగైనా భారం అనిపించదు. వేలిముద్ర వల్ల అసలు లాభం నా లెక్కలో ఇదే.

ఇక వేలు ఎక్కించడం. స్క్రీన్ కింద సెన్సర్ ఉంటే ముందు స్క్రీన్ గార్డ్ వేసి, ఆ తర్వాతే ముద్ర ఎక్కించండి. గార్డ్ మారిస్తే పాతవి తీసేసి మళ్లీ ఎక్కించండి. 2019లో శామ్‌సంగ్ ఎస్10లో ఏమైందంటే, స్క్రీన్‌ని కప్పే కొన్ని సిలికాన్ కవర్ల మీదున్న గీతలనే సెన్సర్ వేలిముద్ర అనుకుంది. ఎవరు వేలు పెట్టినా తెరుచుకుంది. తర్వాత అప్‌డేట్‌తో సరిచేశారు.

చేతులు కడిగి పూర్తిగా తుడుచుకోండి. ఎక్కువమంది ఫోన్‌ని బల్ల మీద పెట్టి, వేలి మధ్యభాగాన్నే మళ్లీ మళ్లీ నొక్కుతారు. వాడేటప్పుడేమో ఫోన్ చేతిలో ఉంటుంది, బొటనవేలు వాలుగా, సగమే పడుతుంది. రోజూ పట్టుకునేట్టే పట్టుకుని వేలి కొస, రెండు పక్కలు, కాస్త తిప్పి ఒకసారి, ఇలా ఎక్కించండి. రెండు బొటనవేళ్లూ, ఒక చూపుడువేలూ సరిపోతాయి. ఖాళీ మిగిలితే ఎక్కువగా వాడే బొటనవేలినే రెండోసారి ఎక్కించండి, తేడా వెంటనే తెలుస్తుంది. తడి, లోషన్, పగిలిన చర్మం ఏ సెన్సర్‌కైనా ఇబ్బందే. శబ్ద తరంగాలతో వేలిని చదివే అల్ట్రాసోనిక్ రకానికి మందపాటి గాజు గార్డ్, దాని కింది గాలిబుడగ ఇంకా పెద్ద అడ్డంకి.

ఎంత బాగా ఎక్కించినా ఫోన్ అప్పుడప్పుడూ పాస్‌కోడ్ అడిగి తీరుతుంది. ఐఫోన్‌లో వరసగా 5 సార్లు వేలు తప్పితే, లేదా 48 గంటలు తెరవకపోతే అడుగుతుంది. ఆండ్రాయిడ్‌లో సాధారణంగా 72 గంటలకోసారి. వేలు ఉందిగా అని పాస్‌కోడ్ మరిచిపోయినవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. అప్పుడు ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసి మొదలుపెట్టాల్సిందే. బ్యాకప్ లేకపోతే ఫొటోలు పోయినట్టే.

నిద్రలో ఉన్నవాళ్ల వేలు తీసుకుని ఫోన్ తెరవొచ్చు, పాస్‌కోడ్‌తో ఆ భయం లేదు. అలాంటి చోట వేలిని కాసేపు పక్కనపెట్టండి. ఆండ్రాయిడ్‌లో పవర్ మెనూలో లాక్‌డౌన్ నొక్కాలి. కొన్ని ఫోన్లలో దాన్ని ముందే సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవాలి. ఐఫోన్ 8, ఆ తర్వాతి వాటిలో పక్క బటన్‌నీ వాల్యూమ్ బటన్‌నీ కలిపి రెండు సెకన్లు పట్టుకుని, స్లైడర్లు రాగానే వదిలేసి రద్దు చేయండి. ఇంకా పట్టుకునే ఉంటే ఎమర్జెన్సీ కాల్ కౌంట్‌డౌన్ మొదలైపోతుంది.

పాస్‌కోడ్‌కి ఉన్న ప్రమాదం భుజం మీంచి చూసేవాళ్లు. జనంలో ఉన్నప్పుడు వేలే వాడండి. ఐఫోన్‌లో ఐఓఎస్ (దాని సాఫ్ట్‌వేర్) 17.3 నుంచి ఉన్న దొంగతనం రక్షణ సెట్టింగ్‌నీ ఆన్ చేయండి. దాంతో తెలియని చోట ముఖ్యమైన మార్పులకు పాస్‌కోడ్ ఒక్కటే చాలదు, వేలో ముఖమో కావాలి.

ఎక్కించిన వేళ్లకి పేర్లు పెట్టుకుని, అప్పుడప్పుడూ చూసుకోండి. టచ్ ఐడీ ఉన్న ఐఫోన్‌లో ఆ సెట్టింగ్స్ పేజీ తెరిచి వేలు ఆనిస్తే దాని పేరు మెరుస్తుంది. మీ ఏ వేలికీ మెరవనిది ఒకటి ఉంటే దాన్ని తీసేసి ఊరుకోకండి, పాస్‌కోడ్ కూడా మార్చండి. ఆ వేలు ఎక్కించినవాళ్లకి అది తెలిసే ఉంటుంది.