చెయ్యి ఆనించి పడ్డారా? బెణుకని తేల్చేసే ముందు ఈ గుంట నొక్కి చూడండి

పాచి పట్టిన బాత్రూమ్‌లో జారినా, వానలో బండి స్కిడ్ అయినా, క్రికెట్‌లో డైవ్ కొట్టినా పడేటప్పుడు ఎవరైనా చేసేది ఒకటే, అరచెయ్యి నేలకి ఆనించేస్తారు. ఒంటి బరువంతా మణికట్టు మీద పడుతుంది. తర్వాత కాస్త వాపు, కాస్త నొప్పి, వేళ్లేమో కదులుతూనే ఉంటాయి, దాంతో ఇంట్లో ఎవరో ఒకరు "ఏం కాలేదు, బెణికిందంతే" అని నూనె రాసి మర్దన మొదలుపెడతారు. ఆ పని మాత్రం చెయ్యనివ్వకండి. ఎముక విరిగినా వేళ్లు కదులుతాయి.

ముంజేతి ఎముకలకీ అరచేతికీ మధ్య 8 చిన్న ఎముకలు రెండు వరసల్లో ఉంటాయి. ముంజేతి వైపు వరసని నేరుగా లాగే కండరం దాదాపు లేదు, పక్క ఎముకలు నెడితే, లిగమెంట్లు (ఎముకని ఎముకకి కట్టి ఉంచే పట్టీలు) పట్టి లాగితే అది కదులుతుంది. ఆ రెండు వరసలనీ కలుపుతూ బొటనవేలి వైపు ఉండేది స్కాఫాయిడ్, జీడిపప్పు ఆకారంలో ఇంచుమించు అంతే ఉంటుంది. అరచెయ్యి ఒక్కసారిగా వెనక్కి విరుచుకున్నప్పుడు ఇది సరిగ్గా తన మధ్యలో సన్నగా ఉండే చోట విరుగుతుంది. ఈ 8 ఎముకల్లో ఎక్కువగా విరిగేది ఇదే, అదీ ఎక్కువగా కుర్రాళ్లలో. అసలు చిక్కేమిటంటే దీనికి రక్తం ఎక్కువ భాగం బొటనవేలి వైపు కొస దగ్గర లోపలికి వెళ్లి, అక్కణ్ణించి వెనక్కి ముంజేతి వైపు పారుతుంది. మధ్యలో విరిగితే వెనక ముక్కకి రక్తం సరిగా అందక అతుక్కోకపోవచ్చు, కొన్నిసార్లు ఆ ముక్కే చచ్చుబడుతుంది, ఇక కొన్నేళ్లకి కీలు అరిగిపోయి ఏ వస్తువు గట్టిగా పట్టుకున్నా నొప్పే.

ఇంట్లోనే చూసుకోవడం ఇలా. బొటనవేలిని వెనక్కి బాగా చాచండి. దాని మొదట్లో, మణికట్టు పక్కన, రెండు టెండాన్లు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లు) లేచి నిలబడతాయి, వాటి మధ్య చిన్న గుంట పడుతుంది (పాతకాలం వాళ్లు ముక్కుపొడి పోసుకుని పీల్చే చోటు అదే). రెండో చేతి చూపుడువేలి కొసతో ఆ గుంటలో నొక్కండి. తర్వాత అరచెయ్యి పైకి తిప్పి, మణికట్టు గీత దగ్గర బొటనవేలి వైపు తగిలే బొడిపెని నొక్కండి. ఆఖర్న బొటనవేలిని మెల్లగా మణికట్టు వైపు నెట్టండి. బాగున్న చేతికి కూడా ఇవే చేసి పోల్చుకోండి, ఎందుకంటే ఆ గుంటలో గట్టిగా నొక్కితే ఎవరికైనా కొంచెం నొప్పి ఉంటుంది. మూడింట్లో ఏ ఒక్కటి తేడాగా నొప్పెట్టినా విరిగిందనే అనుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

వెళ్లేలోపు ఉంగరాలు, గాజులు, వాచీ తీసెయ్యండి, వాపు పెరిగాక అవి రావు. మడిచిన న్యూస్‌పేపరో అట్టముక్కో కింద పెట్టి తువ్వాలుతో వదులుగా కట్టి, చేతిని గుండెకంటే కిందికి వేలాడనివ్వకండి. ఐస్ అయితే గుడ్డలో చుట్టి 15 నిమిషాలు. వేళ్లు తిమ్మిరెక్కినా, పాలిపోయినా, చెయ్యి వంకర తిరిగినా నేరుగా ఎమర్జెన్సీకే.

ఎక్స్‌రే తీసేటప్పుడు స్కాఫాయిడ్ వ్యూ (ఆ ఎముక స్పష్టంగా కనిపించే కోణం) కూడా తీయమని అడగండి, మొహమాటం అక్కర్లేదు. అయినా మొదటి ఎక్స్‌రేలో ఈ పగులు కనిపించకపోవడం మామూలే. "ఎక్స్‌రే నార్మల్, ఇంటికెళ్లు" అన్నారని సంబరపడకండి. గుంటలో నొప్పి ఉన్నంతవరకు చేతికి స్ప్లింట్ (కదలకుండా పట్టి ఉంచే కట్టు) వేయించుకుని, 10-14 రోజులకి మళ్లీ ఎక్స్‌రే, లేదా వీలుంటే ముందే ఎంఆర్‌ఐ. విరిగిందని తేలితే, ముక్కలు పక్కకి జరగకపోతే ప్లాస్టర్ 6 నుంచి 12 వారాలు, జరిగితే స్క్రూ వేస్తారు. ఈ కాలంలో సిగరెట్, బీడీ మానాల్సిందే, పొగ ఎముకని అతుక్కోనివ్వదు.

50 దాటిన ఆడవాళ్లు పడితే కథ వేరు. వాళ్లకి ఎక్కువగా విరిగేది ముంజేతిలో బొటనవేలి వైపు ఎముకకి మణికట్టు దగ్గరి కొస, చెయ్యి పక్కనుంచి చూస్తే ఫోర్క్ లాగా వంగి కనిపిస్తుంది. డబ్లిన్ సర్జన్ ఏబ్రహాం కోలిస్ 1814లోనే, ఎక్స్‌రే రావడానికి 81 ఏళ్ల ముందే, దీన్ని వర్ణించాడు. అది అతికాక ఎముకల సాంద్రత పరీక్ష కూడా చేయించండి, రెండోసారి పడితే విరిగేది తుంటి కావచ్చు.

ప్లాస్టర్ తీశాక మణికట్టు కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది. మొదట మణికట్టుని పైకి, అంటే చేతి వెనక వైపుకి, వంచే కదలిక మీద పడండి. ఎందుకో తెలియాలంటే మంచి చేతిని పూర్తిగా కిందికి వంచి పిడికిలి బిగించండి, పట్టు రాదు. వేళ్లని ముడిచే కండరాలు ముంజేతిలో ఉన్నాయి, మణికట్టు కిందికి వంగాక వాటికి లాగే ఆస్కారం మిగలదు. అదే 30 డిగ్రీలు పైకి ఎత్తి బిగిస్తే పట్టు గట్టిగా వస్తుంది. రోజువారీ పనులు చాలావాటికి పైకి 40, కిందికి 40 డిగ్రీలు వస్తే సరిపోతుంది. నీళ్ల బకెట్, దోస పెనం, బండి క్లచ్ మాత్రం ఎముక అతికిందని డాక్టర్ ఎక్స్‌రే చూసి చెప్పాకే.