మూతబడిన సామాజిక భవనాన్ని మళ్లీ తెరిచిన తీరు: నా అనుభవం

నరసన్నపేట దగ్గర మా ఊరి సామాజిక భవనానికి 2020 మార్చి లాక్‌డౌన్‌లో వేసిన తాళం రెండేళ్ల తర్వాత తీసేసరికి, చెమ్మవాసనకు లోపల పది నిమిషాలైనా కూర్చోలేని స్థితి ఉంది. పైగా వాడకపోయినా నెలనెలా పడిన కరెంటు చార్జీలు బాకీగా పేరుకున్నాయి. నిధులకు పెట్టిన అర్జీలు, చందాల పుస్తకం, పెళ్లిళ్లకు అద్దె ప్రకటన, ఏవీ ఫలించలేదు.

చివరికి భవనమంతా బాగుచేయాలన్న ఆలోచన మానుకుని, ఒక్క గదితో మొదలుపెట్టాం. ముందు డాబా ఎక్కి చూస్తే, వాననీటి గొట్టం మూతిలో వేపాకులు, పావురాల గూడు కలిసి బిరడాలా బిగుసుకుపోయి, అక్కడ నిలిచిన నీరే గోడలోకి దిగుతోందని తెలిసింది. దానిని తీసి, జల్లెడ అమర్చి, గోడలు ఆరడానికి ఒక వేసవి ఆగి, ఆ తర్వాతే సున్నం వేశాం. (తొందరపడితే ఏమవుతుందో పక్కగదిలో పొక్కులు లేచిన రంగే చెబుతుంది.)

పిమ్మట ఆ ఒక్క గదినే తెరిచి, ఉదయం పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు, మధ్యాహ్నం కుట్టు నేర్చుకునే డ్వాక్రా మహిళలకు ఇచ్చాం. అసలు పనిచేసింది మీటరు పక్కన వేలాడదీసిన నోటుపుస్తకం: వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ మీటరు అంకె రాసి, ఎవరి యూనిట్లకు వారు చెల్లిస్తారు, స్థిర చార్జీని, పాత బాకీ వాయిదాను మాత్రం సమంగా పంచుకుంటారు.

పంచాయతీ తీర్మానం చేసి ఇవ్వడం, భవనానికి విడి మీటరు ఉండడం మాకు కలిసొచ్చాయి. స్లాబులోనే పగుళ్లుంటే గొట్టం శుభ్రం చేసినంత మాత్రాన చెమ్మ తగ్గుతుందని చెప్పలేను. మా పెద్ద హాలు ఇప్పటికీ మూసే ఉంది.