చలికాలపు గల్స్ – 4వ పాఠం: సియాటిల్‌లో ‘ఒలింపిక్ గల్’

గల్స్ (సముద్రతీరపు పక్షులు) వయసు లెక్క కిందటి పాఠంలో చూశాం. ఈసారి ఎదిగిన పక్షులే. రెక్కల్లోనో తోకలోనో గోధుమరంగు కనిపిస్తే ఆ పక్షిని ప్రస్తుతానికి వదిలేయండి. తల మీది మరకలు మాత్రం లెక్కలోకి రావు, చలికాలంలో అవి పెద్దవాటికీ ఉంటాయి. కాకినాడ తీరంలో బ్రౌన్-హెడెడ్ గల్స్ చూసి వచ్చినవారు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: అవి రెండేళ్లకే పెద్దవవుతాయి, ఇక్కడి పెద్ద గల్స్‌కు నాలుగేళ్లు పడుతుంది.

వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో గ్లాకస్-వింగ్డ్ గల్, వెస్టర్న్ గల్ అనే రెండు జాతులు జతకడతాయి. ఆ సంకరాన్నే ‘ఒలింపిక్ గల్’ అంటారు. వాటి పిల్లలకూ సంతానం కలుగుతుంది, ఆ సంతానం మళ్లీ రెండు వైపులా కలుస్తుంది. అందుకే ఒక అసలు జాతి నుంచి రెండోదాని దాకా మధ్యలో గీత ఎక్కడా ఉండదు. ఏ పక్షి ఎన్నో తరం సంకరమో కంటితో తేల్చడం కుదరదు, ఆ ప్రయత్నం వద్దు.

ముందు రెండు అసలు జాతులూ బాగా పట్టుబడాలి. గ్లాకస్-వింగ్డ్‌కు వీపు ఎంత బూడిదరంగో రెక్కల కొసలూ అంతే. చలికాలంలో తలా మెడా మురికి పట్టినట్టుంటాయి. వెస్టర్న్‌కు వీపు ముదురు పలకరంగు, కొసలు నలుపు, తల చలికాలంలోనూ దాదాపు తెల్లగానే ఉంటుంది. కాళ్లు రెండింటికీ గులాబీరంగే, వాటితో తేలేదేమీ లేదు.

సియాటిల్ పక్కనున్న రెంటన్‌లో సీడర్ నది లేక్ వాషింగ్టన్‌లో కలిసేచోట గల్స్ మంచినీటి స్నానానికి దిగుతాయి. మబ్బు పట్టిన రోజు వెళ్లండి. ఎండలో బూడిదరంగు తెల్లబోతుంది, కెమెరా ఎక్స్‌పోజర్ దాన్ని ఇంకా మారుస్తుంది. పక్షి కాస్త పక్కకు తిరిగినా వీపు రంగు వేరేలా కనిపిస్తుంది కాబట్టి, ఒకే వైపు తిరిగి నిలబడ్డ రెండింటినే పోల్చండి. స్నానం ముగించి రెక్కలు విదిలించేటప్పుడు వరసగా ఫొటోలు తీస్తే రెక్క పైభాగమూ అడుగూ రెండూ దొరుకుతాయి. మడిచిన రెక్కను మాత్రమే చూసి తీర్పు చెప్పకండి.

రెక్కల కొసలు వీపుకన్నా ముదురుగా, కానీ నిండు నలుపు కాకుండా బొగ్గురంగులో ఉంటే అనుమానం మొదలవ్వాలి. దానికి మురికి తల, చివర ఉబ్బిన బరువైన ముక్కు తోడైతే ఒలింపిక్ గల్ అనడానికి ఆధారం గట్టిపడుతుంది. ఒక్క లక్షణంతో మాత్రం అనొద్దు. ఈకలు పాతబడితే కొసల రంగు వెలిసిపోతుంది, అప్పుడు నలుపు కొసలు కూడా గోధుమ కలిసిన బూడిదరంగులోకి దిగుతాయి.

ఎక్కువగా పొరపడేది థేయర్స్ గల్ దగ్గర. 2017లో దాన్ని ఐస్‌లాండ్ గల్ జాతిలో కలిపేశారు. థేయర్స్‌కు తల గుండ్రం, ముక్కు సన్నం, ఒళ్లు చిన్నది. రెక్క అడుగున కొస లేతగా ఉండి అంచున మాత్రమే ముదురు గీత ఉంటుంది. ఇక వీపు లేతగా, కన్ను పసుపుమచ్చలతో ఉండి కొసలు మాత్రం ముదురుగా కనిపిస్తే వెస్టర్న్ రక్తం అని తొందరపడకండి. అలాస్కా నుంచి దిగే గ్లాకస్-వింగ్డ్, హెర్రింగ్ గల్స్ సంకరం కావచ్చు.

చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో రాసేటప్పుడు లక్షణాలన్నీ ఒకే దిక్కు చూపితేనే ‘హైబ్రిడ్’ ఎంచుకోండి. మిగిలినవాటికి ‘వెస్టర్న్/గ్లాకస్-వింగ్డ్’ అనే గీత గుర్తు ఎంట్రీ ఉంది, అది వాడడం చేతగానితనం కాదు. వచ్చే పాఠానికి ముందు పది పెద్ద గల్స్‌ను ఎంచుకుని వీపు, కొస, తల, ముక్కు అనే నాలుగు గడుల పట్టిక నింపండి. పేరు గడి ఖాళీగా ఉంచండి. మొదటి ఏడాది పక్షుల పాఠంలో ఆ పట్టికే వాడతాం.