పాత వీడియో గేమ్ మెషిన్ రిపేరు: ఏ సమస్యకు ఏ పార్ట్, విశాఖలో దొరికేదేది, బయటి నుంచి తెప్పించాల్సిందేది

మూతపడిన పార్లర్ల గోడౌన్లలోంచి, తుక్కు దుకాణాల పెరళ్ళలోంచి పాత వీడియో గేమ్ మెషిన్లు అప్పుడప్పుడు బయటికొస్తుంటాయి. కొన్నవాళ్ళలో చాలామంది మొదట చేసే పని, గేమ్ పేరు కొట్టి నెట్‌లో రీప్రొడక్షన్ పార్ట్స్, అంటే పాతవాటిలాగే కొత్తగా చేసినవి, వెతకడం. డబ్బు దండగయ్యేది అక్కడే. అలా దొరికే కంట్రోల్ ప్యానెళ్ళు, కాయిన్ డోర్లు, సైడ్ స్టిక్కర్లలో ఎక్కువ భాగం ప్యాక్‌మ్యాన్, గెలాగా లాంటి 1980ల అమెరికన్ క్యాబినెట్ల కొలతలకు చేసినవి. మన దగ్గర ఆడినవి చాలావరకు ఇక్కడి వడ్రంగులు ప్లైవుడ్‌తో కట్టిన పెట్టెలు. లోపల టీవీ పిక్చర్ ట్యూబు, ఎక్కడినుంచో తెచ్చిన బోర్డు. వాటికి మోడల్ పేరంటూ ఉండదు. అందుకే పేరు చూసి కాదు, కొలత చూసి కొనాలి. అంతకంటే ముందు, అసలు పోయిందేదో తేల్చుకోవాలి. ఈ రెండూ చేస్తే చాలా రిపేర్లు డాబా గార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ షాపులతో, ఆటోనగర్ లేత్ షాపులతో అయిపోతాయి.

తెరిచేముందు

పిక్చర్ ట్యూబు మీద రబ్బరు కప్పు కింద 20 వేల వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్ పీకేసినా ఆ చార్జ్ చాలాసేపు నిలిచే ఉంటుంది. దాన్ని డిస్చార్జ్ చేయడం చేతకాకపోతే పాత టీవీ మెకానిక్‌ని పిలవండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

రెండోది ట్రాన్స్‌ఫార్మర్. టీవీ చాసిస్‌లో, అంటే ట్యూబుని నడిపే సర్క్యూట్ బోర్డులో, గ్రౌండ్ అనేది చాలావాటికి నేరుగా మెయిన్స్‌తో కలిసి ఉంటుంది. దానికి గేమ్ బోర్డు వైర్లు కలిపితే బోర్డు పోతుంది, ముట్టుకున్నవాళ్ళకి షాక్ కొడుతుంది. మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే మెయిన్స్‌తో నేరు సంబంధం తెంపేది, తప్పనిసరి. జపాన్ నుంచి వచ్చిన 100 వోల్టుల మెషిన్లకి, అమెరికా నుంచి వచ్చిన 120 వోల్టుల మెషిన్లకి షాపుల్లో ఇచ్చే స్టెప్ డౌన్ పెట్టెలు చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లే. అవి వోల్టేజీ తగ్గిస్తాయి కానీ ఐసొలేషన్ ఇవ్వవు. కొనేముందు, కరెంటు లేకుండా, ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. బీప్ వస్తే అది మీకు పనికొచ్చేది కాదు.

సమస్య: స్విచ్ వేస్తే ఉలుకూ పలుకూ లేదు, లేదా ఆట మధ్యలో రీసెట్ అవుతోంది

ఫ్యూజు చూశాక, నేరుగా బోర్డు మీద 5 వోల్టులు కొలవండి. ఎస్‌ఎంపీఎస్ (బోర్డుకి కరెంటిచ్చే పవర్ సప్లై పెట్టె) దగ్గర కాదు, బోర్డు మీదే. 4.75కి 5.25కి మధ్య ఉండాలి. ఎస్‌ఎంపీఎస్ దగ్గర 5.1 చూపించి బోర్డు మీద 4.6 ఉంటే, ఎస్‌ఎంపీఎస్ మార్చి లాభం లేదు. నష్టం దారిలో జరుగుతోంది. మన సముద్రపు గాలికి బోర్డు అంచుకి తొడిగే ఎడ్జ్ కనెక్టర్ పిన్నులు ముందు నల్లబడతాయి, తర్వాత పచ్చగా చిలుమెక్కుతాయి.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బోర్డు అంచు మీది కాంటాక్టులని మెత్తటి రబ్బరుతో తేలిగ్గా రుద్దండి. గరుకు కాగితం వద్దు, పూత లేచిపోతుంది. పిన్నుల పట్టు వదులైపోతే కనెక్టర్ మార్చాల్సిందే. 1985లో జపాన్ తయారీదార్ల సంఘం జామా పేరుతో ఒక వైరింగ్ స్టాండర్డ్ తెచ్చింది. ఆ తర్వాతి బోర్డుల్లో చాలావాటికి అదే కనెక్టర్: ఒక్కోవైపు 28 చొప్పున 56 కాంటాక్టులు, పిచ్ (కాంటాక్టుల మధ్య దూరం) 3.96 మిల్లీమీటర్లు. రీప్రొడక్షన్ పార్టుల్లో అన్నిటికంటే తేలిగ్గా దొరికేది ఈ జామా వైరింగే. వైర్లు బిగించిన సెట్టు కొనేస్తే సోల్డరింగ్ పని చాలా తగ్గుతుంది. 7వ స్థానంలో కీ ముక్క పెట్టడం మరవకండి. అది లేకపోతే కనెక్టర్ తిరగేసి కూడా పట్టేస్తుంది, బోర్డు అంతటితో సరి.

కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌తో సర్దుకుందామనుకుంటే: ఇప్పటివాటిలో మైనస్ 5 వోల్టులు రావు, కొన్ని పాత బోర్డుల సౌండ్‌కి అది కావాలి. పైగా 5 వోల్టుల్ని కాస్త పెంచుకునే స్క్రూ వాటికి ఉండదు. గేమ్ మెషిన్‌కని అమ్మేదే తీసుకోండి.

సమస్య: బొమ్మ సరిగా లేదు

ఒక రంగు రాకపోతే, మానిటర్ దగ్గర ఎరుపు, ఆకుపచ్చ వైర్లు అటూ ఇటూ మార్చి చూడండి. లోపించే రంగు మారితే తప్పు బోర్డుదో వైరుదో. మారకపోతే మానిటర్‌ది. పార్ట్ ఏదీ కొనకుండానే ఇంత తేలిపోతుంది.

బొమ్మ పైకో కిందికో దొర్లుతుంటే బొమ్మని నిలకడగా పట్టి ఉంచే సింక్ వైరు చూడండి. తెర మధ్యలో అడ్డంగా ఒకే మెరిసే గీత మిగిలితే వర్టికల్ సెక్షన్ పోయినట్టు. ఐసీ, దాని చుట్టూ ఉన్న కెపాసిటర్లు, డ్రై సోల్డర్ (పట్టు వదిలిన అతుకు), ఈ వరసలో చూడాలి. గీత కనిపించగానే బ్రైట్‌నెస్ తగ్గించండి, లేకపోతే ట్యూబు మీద అక్కడే మచ్చ పడుతుంది. బొమ్మ పక్కల నుంచి కుంచించుకుపోవడం, పైభాగం వంకర తిరగడం, అలలు కదలడం ఎక్కువగా కెపాసిటర్లు ఎండిపోయినందుకే.

విదేశాల్లో ఒక్కో మానిటర్ మోడల్‌కి కెపాసిటర్ కిట్ అని ప్యాకెట్ అమ్ముతారు. మన టీవీ చాసిస్‌కి అలాంటిది దొరకదు, అవసరమూ లేదు. బోర్డు మీదున్న విలువలన్నీ కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్ళండి. మైక్రోఫారడ్ అంతే ఉండాలి, వోల్టులు అంతే లేదా ఎక్కువ, వేడి రేటింగ్ 105 డిగ్రీలు. 85 డిగ్రీలవి చవగ్గా ఇస్తారు కానీ ట్యూబు వెనక వేడికి తొందరగా ఎండిపోతాయి. షాపులో లేని విలువలుంటే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో దొరుకుతాయి.

ఎల్ఓటీ, అంటే ట్యూబుకి ఆ వేల వోల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మర్, కాలిపోతే సంగతి వేరు. దాని మీది నంబరే కావాలి, పిన్నుల వరస కలవనిది పెట్టకూడదు. ఆ నంబరు దొరక్కపోతే వేట మానేసి, గేమ్ బోర్డు ఇచ్చే 15 కిలోహెర్ట్జ్ ఆర్‌జీబీ సిగ్నల్ తీసుకునే చైనా చాసిస్ మొత్తంగా మార్చడం నయం. అయితే మీ ట్యూబు మెడకి ఉండే యోక్ కాయిల్ దానికి సరిపోవాలి. ఆర్డర్ పెట్టేముందు యోక్ రెసిస్టెన్స్ కొలిచి అమ్మేవాళ్ళకి పంపండి.

ట్యూబే పోతే కొత్తది దొరకదు. మిగిలిన దారి తుక్కు టీవీ. అదే సైజుది, తెర మీద ఆట మచ్చలు లేనిది వెతికి, యోక్‌తో సహా తీసుకోండి. ఎల్‌సీడీ పెట్టేస్తామంటారు కొందరు. నేరుగా కలిపితే ఔట్ ఆఫ్ రేంజ్ అంటుంది, ఎందుకంటే కంప్యూటర్ మానిటర్లు 15 కిలోహెర్ట్జ్ తీసుకోవు. మధ్యలో జీబీఎస్-8200 లాంటి కన్వర్టర్ బోర్డు కావాలి. మెషిన్ ఇంట్లో పిల్లలు ఆడడానికైతే నేనూ అదే చెబుతాను. రీస్టోరేషన్ అని పేరు పెట్టుకుంటే మాత్రం ట్యూబు కోసం ఇంకో నెల ఆగడం మంచిది.

సమస్య: స్టిక్ ఒకవైపు పలకడం లేదు, బటన్ నొక్కినా దెబ్బ పడటం లేదు

స్టిక్ మార్చేముందు మైక్రోస్విచ్ చూడండి. నొక్కితే టిక్ మనడం చాలదు, మల్టీమీటర్ బీప్ ప్రతిసారీ రావాలి. స్విచ్ ఒక్కటే పోతే ఒక్కటే మార్చండి, ఇక్కడే దొరుకుతుంది. పాతదాన్ని వెంట తీసుకెళ్ళి రంధ్రాల మధ్య దూరం, మీట ఉందా లేదా సరిచూసుకోండి. స్టిక్ లోపల బుష్షు అరిగి ఊగుతుంటే ఆటోనగర్‌లో లేత్ మీద నైలాన్ కడ్డీతో తీయిస్తారు. త్రీడీ ప్రింటింగ్ చేయిస్తే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ వద్దు, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన ఆటోలో మెషిన్ తరలించినా చాలు.

కొత్తవి కొనాలంటే ఇక్కడే అసలు తిరకాసు. జపాన్ సాన్వా బటన్లకి 30 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. అమెరికన్ హ్యాప్ పద్ధతి బటన్లకి 28, 29 మధ్య చాలు. మన పాత ప్యానెళ్ళలో ఎక్కువగా చూసేది రెండోది. ఇంకో తేడా మందం. సాన్వా ఓబీఎస్ఎఫ్-30 అనేది పలచని రేకు ప్యానెల్‌కి క్లిప్పుతో పట్టేది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో పెడితే నిలవదు. చెక్క ప్యానెల్‌కి మర ఉన్న పొడవు బటన్లే తీసుకోండి. సాన్వా జేఎల్ఎఫ్ స్టిక్ కూడా అంతే: కింద నుంచి చెక్క తొలిపించి లోపలికి బిగించకపోతే పైన బంతి మాత్రమే కనిపిస్తుంది, చేతికి పట్టు దొరకదు.

వైరు లగ్గుల (వైరు చివర స్విచ్‌కి తొడిగే క్లిప్పుల) దగ్గర కూడా ఇదే గొడవ. ఆటో ఎలక్ట్రికల్ షాపులో మామూలుగా ఇచ్చేవి 6.3 మిల్లీమీటర్లవి. హ్యాప్ పద్ధతి స్విచ్‌కి 4.8, సాన్వా బటన్‌కి 2.8 కావాలి. పెద్ద లగ్గుని పటకారుతో నొక్కి సరిపెడితే కొన్నాళ్ళకి వదులవుతుంది, మళ్ళీ బటన్ పోయిందని అనుకుంటారు.

చౌక కాపీలు వద్దని అనను. బటన్లలో కాపీలు బాగానే పనిచేస్తాయి. స్టిక్‌లో మాత్రం స్ప్రింగు, స్విచ్‌ల దగ్గర తేడా వెంటనే తెలుస్తుంది. డబ్బు అక్కడ పెట్టండి.

తెప్పించుకునే దారి కొంత ఇరుకైంది. చాలామంది పార్ట్స్ కొంటూ వచ్చిన చైనా ఆన్‌లైన్ షాపు అలీఎక్స్‌ప్రెస్‌ని 2020 నవంబరులో మన ప్రభుత్వం నిషేధించింది. ఇప్పుడు మన దేశంలోని ఆన్‌లైన్ అమ్మకందార్లు, లేదంటే విదేశీ పార్ట్స్ షాపుల నుంచి కొరియర్. కస్టమ్స్ పన్ను వస్తువు ధర మీదే కాదు, రవాణా ఖర్చు కూడా కలిపి వేస్తారు. చిన్న స్ప్రింగు ఒక్కటే తెప్పిస్తే అది బంగారమవుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే పార్శిల్‌గా పెట్టుకోండి. కొరియర్ వాళ్ళు కేవైసీ అడుగుతారు, ముందే సిద్ధంగా ఉంచండి.

సమస్య: కరెంటు బాగుంది, మానిటర్ బాగుంది, బోర్డు మాత్రం లేవడం లేదు

ముందు బ్యాటరీ వెతకండి. నియో జియో ఎంవీఎస్ అనే రకం గేమ్ బోర్డుల్లో చాలావాటికి 3.6 వోల్టుల రీచార్జబుల్ బ్యాటరీ సోల్డర్ చేసి ఉంటుంది. అది కారి చుట్టూ ట్రాకులు తినేస్తుంది. తీసేసి, వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో ఆ చిలుము తుడిచి, ఆల్కహాల్‌తో కడిగి, తెగిన ట్రాకులకి సన్న వైరు కలపండి. బదులుగా సీఆర్2032 బటన్ సెల్లు పెడితే అది చార్జ్ కాకుండా మధ్యలో డయోడ్ ఉండి తీరాలి.

క్యాప్‌కామ్ కొన్ని బోర్డుల్లో బ్యాటరీ అంటే ప్రాణమే. వాళ్ళ సీపీఎస్-2 బోర్డులో, ప్రోగ్రామ్‌ని చదవడానికి కావాల్సిన కోడ్, అంటే తాళం చెవి, బ్యాటరీ మీద నిలబడిన మెమరీలో ఉంటుంది. బ్యాటరీ చచ్చిపోతే బోర్డు ఏకరంగు తెరతో ఆగిపోతుంది. ఇప్పుడు దానికి మందుంది: ఆ తాళం చెవిని తిరిగి ఎక్కించే చిన్న బోర్డులు దొరుకుతున్నాయి. మనవాళ్ళు ముస్తఫా అని పిలిచిన 1993 నాటి క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ ఒరిజినల్ బోర్డుకి కూడా బ్యాటరీ బెడద ఉంది. కానీ మన పార్లర్లలో తిరిగినవాటిలో డూప్లికేట్లు చాలా ఉండేవి. డూప్లికేట్ చేసినవాళ్ళు ఆ తాళాన్ని ముందే తప్పించేశారు కాబట్టి వాటికి ఈ చావు లేదు. అందుకే డూప్లికేట్ అని తెలియగానే బోర్డు పారేయకండి. వాటిలో ఎక్కువగా మామూలు చిప్పులే, రిపేరు ఒరిజినల్ కంటే సులువు.

కంపెనీ సొంతంగా చేసుకున్న కస్టమ్ చిప్పు పోతే, ప్యాక్‌మ్యాన్ లాంటి కొన్నిటికే రీప్రొడక్షన్ ఉంది. మిగతావాటికి అదే రకం పాడైన బోర్డు కొని చిప్పు పీకడమే.

సమస్య: సౌండ్ లేదు

స్పీకర్ వైర్లు పెన్‌లైట్ సెల్లుకి తాకించండి. టక్ మంటే స్పీకర్ బతికే ఉంది. తర్వాత యాంప్లిఫయర్ ఐసీ. అది పోతే చిన్న యాంప్లిఫయర్ బోర్డు కలిపి పని కానివ్వొచ్చు. యమహా వైఎం2151 లాంటి సౌండ్ చిప్పులు ఆన్‌లైన్లో నంబరు చెరిపి మళ్ళీ కొట్టిన నకిలీలు ఎక్కువ. సాకెట్ వేసి పరీక్షించండి, నేరుగా సోల్డర్ చేయకండి.

సమస్య: బిళ్ళ వేస్తే కిందికి జారిపోతోంది, క్రెడిట్ రావడం లేదు

మెకానిజం బాగానే ఉండి ఉండొచ్చు, మారింది రూపాయి. 1992 తర్వాతి స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 2011లో వచ్చిన రూపాయి 22 మిల్లీమీటర్లకి తగ్గింది. విచిత్రంగా, ఆ సిరీస్ రెండు రూపాయల బిళ్ళ సైజు, బరువు పాత రూపాయివే. పాత మెకానిజంలో ముందు అది వేసి చూడండి. మార్చాలనుకుంటే, లోపల నమూనా బిళ్ళ పెట్టి పోల్చుకునే ఎలక్ట్రానిక్ రకం కొనండి. ఇంట్లో మెషిన్ అయితే కాయిన్ వైరుకీ గ్రౌండ్‌కీ మధ్య ఒక బటన్ పెట్టేస్తే సరి.

సమస్య: పెట్టె పాడైంది

కింది భాగం ఉబ్బిపోవడం, చెదలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి తడిసి అలాగే మూలపడ్డవి కూడా ఉండొచ్చు. పక్క పలకలు మొత్తం మార్చనక్కర్లేదు. పాడైనంత వరకు కోసి, మెరైన్ ప్లైతో అతుకు వేసి, కింద రబ్బరు బుష్షులు కొట్టండి. అంచుకి కొట్టే ప్లాస్టిక్ పట్టీ, టీ-మౌల్డింగ్, తెప్పిస్తే 19 మిల్లీమీటర్లది తీసుకోండి. మన 18 ప్లైకి కాస్త బయటికి ఉంటుంది, బ్లేడుతో చెక్కేయొచ్చు.

స్టిక్కర్లు, మార్కీ (పైన గేమ్ పేరు వెలిగే పలక) విదేశాల నుంచి తెప్పించకండి, మీ పెట్టెకి సరిపోవు. ద్వారకా నగర్ వైపు ప్రింటింగ్ షాపుల్లో వినైల్ మీద కొట్టించి మ్యాట్ లామినేషన్ వేయించండి. మార్కీకి బ్యాక్‌లిట్ ఫిల్మ్, 3 మిల్లీమీటర్ల అక్రిలిక్, వెనక ఎల్ఈడీ. ఫైలుతో పాటు ఫ్రేమ్ లోపలి కొలత మిల్లీమీటర్లలో రాసివ్వండి. నోటితో అంగుళాల్లో చెబితే షాపులో ఫైలు సాగదీసి సర్దేస్తారు, గేమ్ పేరులో చివరి అక్షరం ఫ్రేమ్ కిందికి పోతుంది.