నల్లరేగడి స్థలంలో ఇల్లు కట్టే ముందు జాగ్రత్తలు

పునాదికి ముగ్గు పోయకముందే ఇవి చూసుకోండి.

• సర్వేయరుతో హద్దులు కొలిపించి రాళ్లు పాతించండి. ఆ రోజు ఇరుగుపొరుగు వారూ అక్కడ ఉండాలి.

• అన్నిటికన్నా ముఖ్యం నేల. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఆ కదలికకు పైపై పునాది ఆగదు, గోడలు చీలుతాయి. మట్టి పరీక్ష చేయించండి. ఇంజనీరు అండర్‌రీమ్డ్ పైల్ పునాది (లోతుగా దింపి, అడుగున ఉబ్బెత్తుగా పోసే కాంక్రీటు స్తంభాల పునాది) వేయాలని చెబితే ఖర్చుకు వెనుకాడకండి. గోడ చీలాక చేసే మరమ్మతు అంతకన్నా భారం.

• వానాకాలంలో ఒకసారి స్థలం చూడండి, నీరు ఎటు పారుతుందో తెలుస్తుంది. వాగు దారికి అడ్డంగా కట్టవద్దు.

• పూడ్చిన పాత బావి ఉందేమో ఊరి పెద్దలను అడగండి.

• బోరుకు వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం, 2002) కింద, ఇంటికి పంచాయతీ నుంచి అనుమతి తీసుకోండి.

• తుప్పలు కొట్టేవారికి బూట్లు ఇవ్వండి, పాములుంటాయి.