రంగు వేయిస్తే వచ్చే తలనొప్పులు: ఏది ఎందుకు, ఏం చేయాలి

రంగుల పనిలో గొడవలు చాలావరకు డబ్బా మూత తీయకముందే మొదలవుతాయి. మిగతావి రంగు కింద దాగిన పొరల్లోంచి వస్తాయి.

అనుకున్న లెక్క ఒకటి, చేతికొచ్చిన బిల్లు ఇంకొకటి

మేస్త్రీ చదరపు అడుగుకి ఇంత అన్నాడు. ఫ్లాటు ఇన్ని అడుగులు కదా అని మీరు హెచ్చవేసుకున్నారు. ఆయన కొలిచేది నేలని కాదు, గోడల్ని. 10 బై 12 గది, ఎత్తు 10 అడుగులు అనుకోండి. నేల 120 అడుగులే. నాలుగు గోడలు 440, సీలింగ్ 120, మొత్తం 560. తలుపులు, కిటికీల ఖాళీలు తీసేయాలా, కలపాలా అన్నదానికి ఒక్కో మేస్త్రీది ఒక్కో పద్ధతి.

ముందే ఇద్దరూ కలిసి టేపు పట్టండి. రేటు, లప్పం (గోడ నునుపు చేసే పుట్టీ) ఎన్నిసార్లు, ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) ఉందా లేదా, రంగు ఎన్ని కోటింగులు, చివర్లో నేల మీద మరకలు ఎవరు తుడవాలి అన్నీ రాసి ఆయనకి వాట్సాప్ చేయండి. "సరే సార్" అని జవాబొస్తే చాలు.

ఏడాది తిరక్కుండానే పొంగి, పెచ్చులు ఊడుతోంది

పెయింటర్ని తిట్టేముందు గోడ అవతల ఏముందో చూడండి. బాత్రూమా? సింకు పైపా? వాన జల్లు కొట్టే బయటి గోడా? ఒక ప్లాస్టిక్ కవరు గోడకి ఆనించి, నాలుగు అంచులూ టేపుతో మూసి, ఒకరోజు వదిలేయండి. తీసి చూస్తే గోడవైపు నీటి చుక్కలుంటే నెమ్ము లోపల్నుంచే వస్తోంది. తెల్లటి ఉప్పు పేరుకున్నా అదే కథ. పైపో, టైల్స్ సందులో, బయటి పగుళ్లో ముందు బాగుచేయించి, పెచ్చులు గీకించి, గోడ బాగా ఆరాకే లప్పం పట్టించాలి. లోపలివైపు వాటర్‌ప్రూఫ్ రంగు పూస్తే పోతుందన్న మాట నమ్మకండి, నీళ్లు పక్కనుంచి దారి చూసుకుంటాయి.

గోడ పొడిగానే ఉందా? అయితే ఊడిన పెచ్చు ఒకటి తిరగేసి చూడండి. వెనక మెత్తటి తెల్ల పొడి అంటుకుని ఉంటే, లప్పం రుద్దిన దుమ్ము దులపకుండానో, ప్రైమర్ ఎగ్గొట్టో రంగు వేసి ఉంటారు. పాత సున్నం పొర వచ్చిందంటే గీకనే లేదు. ఈ రెండూ పనివాళ్ల తప్పే, మళ్లీ చేయించమని గట్టిగా అడగొచ్చు.

కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం నాలుగు వారాలు ఆగాల్సిందే. గృహప్రవేశం ముహూర్తం తరుముతున్నా సరే.

ఒకే రంగు, గోడ మీద మచ్చలు మచ్చలుగా

షేడ్ నంబరు ఒకటే అయినా వేర్వేరు రోజుల్లో మెషీన్ మీద కలిపిన డబ్బాలకి కొంచెం తేడా వస్తుంది. ఒక గోడకి సరిపడా రంగు ముందే ఒకే బకెట్లో కలిపించండి. రోలర్‌తో వేసిన చోట బ్రష్షుతో టచప్ చేసినా తెలిసిపోతుంది. మచ్చ వరకే దిద్దితే మరీ ఎబ్బెట్టు, మూల నుంచి మూల దాకా గోడంతా ఇంకో కోటింగ్ వేయించడమే మార్గం.

రంగు అంచనాకి మించి అయిపోతోంది

లీటరు ఎన్ని చదరపు అడుగులకి వస్తుందో డబ్బా మీదే ఉంటుంది. మీ కొలతతో సరిచూసుకోండి. బకెట్లలో కంపెనీలు పెయింటర్లకి పెట్టే టోకెన్ల (డబ్బుగా మార్చుకునే బిళ్లల) గురించి పేచీ వద్దు, అది వాళ్ల మామూలు. పాత బకెట్ ఖాళీ కాకుండా కొత్తది తెరుస్తుంటే మాత్రం అడగండి.

పాత తలుపులు రుద్దితే ఇల్లంతా దుమ్ము

ఇంటి రంగుల్లో విషపదార్థమైన సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో ఎక్కువే ఉండొచ్చు. తడిపి రుద్దమనండి, పిల్లల్ని, గర్భిణుల్ని ఆ పూట దూరంగా ఉంచండి.

సగం పనిలో మనిషి పత్తా లేడు

దసరా, సంక్రాంతి ముందు ఒక్కో మేస్త్రీ నాలుగిళ్లు ఒప్పుకుంటాడు. ఎక్కువ అడ్వాన్సు ఇచ్చిన ఇల్లే చివరికి మిగులుతుంది. లప్పం అయ్యాక కొంత, మొదటి కోటింగ్ తర్వాత కొంత ఇవ్వండి. ఆఖరి వాయిదా మాత్రం పగటి వెలుతురులో గోడలన్నీ చూసుకున్నాకే.